ఇల్లు క్లీనింగ్ చేసే మగవాడికి పని ఎక్కడ దొరుకుతుంది?

ఇంటిపనికి మనిషి కావాలనగానే అందరికీ ఆడమనిషే గుర్తొస్తుంది. అంట్లు, చిమ్మడం, తడిగుడ్డ లాంటి రోజువారీ పని కోసం మగవాడు తలుపు తడితే, ఎంత పనిమంతుడైనా లోపలికి రమ్మనరు. పగలు ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళే ఉంటారు కాబట్టి ఆ భయం న్యాయమైనదే. అందుకే సొంతంగా ఈ పనిలోకి దిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ముందు ఖాళీ ఇళ్ళు పట్టుకోండి. మనుషులున్న ఇళ్ళు వాటి వెనకే వస్తాయి.

నేను హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి వైపు పనిచేస్తాను. ఇక్కడ ఏ వీధిలో చూసినా టూలెట్ బోర్డు ఉంటుంది. నెలాఖరుకి ఒకరు ఖాళీ చేస్తారు, ఒకటో తారీఖు దాటాక ఇంకొకరు దిగుతారు. ఈలోగా ఓనర్ పెయింట్ వేయిస్తాడు. గోడలు అయిపోగానే పెయింటర్ వెళ్ళిపోతాడు. నేల మీద చుక్కలు, స్విచ్‌బోర్డుల మీద మరకలు, సజ్జల మీద పుట్టీ పొడి అలాగే మిగిలిపోతాయి. అవి తీయడానికి ఓనర్‌కి ఓపిక ఉండదు, దిగేవాళ్ళకి టైమ్ ఉండదు. నిచ్చెన ఎక్కి చేసే పని కాబట్టి మగవాడు వస్తే ఎవరికీ వింతగా ఉండదు. 25వ తారీఖు నుంచి 5 దాకా వేరే పనులేవీ పెట్టుకోకండి.

ఈ పని మనదాకా రావాలంటే పెయింటర్, వాచ్‌మన్, ఇళ్ళు చూపించే బ్రోకర్, ఈ ముగ్గురూ మనకి తెలిసుండాలి. ముగ్గురిలో పెయింటరే ముఖ్యం, ఏ ఫ్లాట్ ఎప్పుడు రెడీ అవుతుందో అందరికంటే ముందు తెలిసేది అతనికే. పొద్దున్నే పెయింట్ షాపుల దగ్గర నిలబడితే నలుగురైనా కలుస్తారు. పని ఇప్పించినవాళ్ళకి నేను పదో వంతు ఇస్తాను, అదీ డబ్బు చేతికొచ్చిన రోజే ఫోన్‌పే చేస్తాను. "మళ్ళీ కలిసినప్పుడు ఇస్తాలే" అంటే రెండో పని రాదు.

వాచ్‌మన్ దగ్గర మాట జాగ్రత్తగా ఉండాలి. చాలా అపార్ట్‌మెంట్లలో అతని భార్యే నాలుగైదు ఫ్లాట్లలో పనిచేస్తుంది. మనం ఆవిడ పొట్ట కొట్టడానికి వచ్చామనుకుంటే గేటు దాటనివ్వరు. నేను ముందే చెప్పేస్తాను: "అన్నా, రోజువారీ పని అక్కదే, దాని జోలికి నేను రాను. ఖాళీ అయిన ఫ్లాట్లు, బాత్రూముల్లో ఉప్పు మరకలు, కిచెన్ చిమ్నీలు ఉంటే నాకు ఫోన్ చెయ్యి."

ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, వాటికి ముందు చేసే క్లీనింగ్ పనీ ఉండదు. ఆ నెల ఖాళీగా కూర్చోకుండా కొత్త ఫ్లాట్లలో కప్‌బోర్డులు చేసే కార్పెంటర్లని కలవండి. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్న ఇళ్ళన్నీ వాళ్ళకి తెలుసు.

పని దొరికాక ఫొటోలు తీయడం మరిచిపోవద్దు. నేను హాలు మొత్తం తీయను, స్లైడింగ్ కిటికీ జరిగే పట్టా (ట్రాక్) ఫొటో తీస్తాను. ఆ సందులో పుట్టీ పొడి, చచ్చిన పురుగులు, ఎండిన పెయింట్ పేరుకుని ఉంటాయి. నీళ్ళు పోస్తే అంతా ముద్దయి గట్టిపడుతుంది. ముందు పొడి బ్రష్‌తో మూలల నుంచి లాగి, వాక్యూమ్ పెట్టి, చివర్లో స్క్రూడ్రైవర్‌కి తడిగుడ్డ చుట్టి తుడవాలి. అల్యూమినియం మెరుపు బయటపడ్డాక అదే చోట నిలబడి రెండో ఫొటో తీయాలి. మొదటి ఫొటో పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. ఓనర్‌ని అడిగాకే వాట్సాప్ స్టేటస్‌లో, గూగుల్‌లో వెతికినవాళ్ళకి మన పని కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌లో పెట్టండి. ఫ్లాట్ నంబరు, దేవుడి గది, ఇంట్లోవాళ్ళు ఫొటోలో పడకూడదు. గూగుల్ ప్రొఫైల్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఇంటి అడ్రస్ కనిపించకుండా తిరిగే ఏరియాలు మాత్రమే పెట్టుకోవచ్చు. పని చూసి సంతోషపడినప్పుడే రివ్యూ లింక్ పంపండి, మర్నాటికి వాళ్ళు మర్చిపోతారు.

ఖాళీ ఇంట్లో మన పని చూసినవాళ్ళే దసరాకి బూజు దులపడానికి, సోఫా కడగడానికి పిలుస్తారు. ఇక్కడ నమ్మకం నిలుపుకోవాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్నానని మేడమ్ చెబితే, "సార్ కూడా ఉండే రోజు పెట్టుకుందామండీ" అని నేనే అంటాను. కుదరదంటే మా వదినని వెంట తీసుకెళ్తాను. మెయిన్ డోర్ తెరిచే ఉంచుతాను. మొదలుపెట్టే ముందే బీరువాకి తాళం వేసుకోమని అడుగుతాను. అలా అడిగినందుకు బాధపడినవాళ్ళు లేరు, స్థిమితపడినవాళ్ళే ఎక్కువ. సోఫా కింద పది రూపాయల నోటు దొరికినా, చెవిదిద్దు దొరికినా అప్పటికప్పుడే పిలిచి చేతికివ్వాలి. పని అయ్యాక ఆ నంబరుకి రాత్రిపూట మెసేజ్‌లు పెట్టకూడదు. ఆధార్ కాపీ, ఫొటో ఉన్న కార్డు దగ్గర పెట్టుకోండి. మన మీద కేసులేవీ లేవని తెలంగాణ పోలీసులు ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు, గేటెడ్ కమ్యూనిటీల్లో అది చూపిస్తే సెక్యూరిటీ మాట తీరే మారుతుంది. చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీగానే అవుతుంది, చేయించి పెట్టుకోండి.

రేటు ఫోన్‌లో చెప్పకండి. వెళ్ళి చూడండి, లేదా వీడియో పంపమనండి. పెయింట్ అయిన ఖాళీ డబుల్ బెడ్‌రూమ్‌కి నేను 3,500 నుంచి 4,500 దాకా తీసుకుంటాను. బోరు నీళ్ళ ఉప్పు గట్టిగా పట్టిన బాత్రూములుంటే విడిగా చెబుతాను. బేరమాడితే డబ్బు తగ్గించను, పని తగ్గిస్తాను: "మూడు వేలకైతే కిచెన్, బాత్రూములు చేస్తానండీ, కిటికీలు మీరు చూసుకోండి." చాలామంది మొత్తం చేయమనే అంటారు.

ఉప్పు మరకలు త్వరగా పోతాయని యాసిడ్ పోసేవాళ్ళున్నారు. మార్బుల్ మీద పడితే పాలిష్ పోతుంది, కుళాయిల మెరుపు పాడవుతుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చే గాలి ఊపిరితిత్తులకి ప్రమాదం. మరకలు తీసే ఏ మందైనా ముందు మూలన ఒక చుక్క వేసి చూడండి. కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకునే చేయండి.

ఒక నోటుబుక్కులో ఫ్లాట్, చేసిన పని, చేసిన నెల రాసుకోండి. చిమ్నీ జిడ్డు, ఫ్యాన్లు, సజ్జలు మళ్ళీ ఎప్పుడు చేయాలో మీకే తెలుస్తుంది. సంక్రాంతికి, దసరాకి మూడు వారాల ముందే నేను పాతవాళ్ళకి ఫోన్ చేసి ఆదివారాలు వాళ్ళకే ఇస్తాను, కొత్తవాళ్ళకి మామూలు రోజులు చెబుతాను.