బుడమేరు అంచున వానాకాలం: బెజవాడ వాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

బెజవాడలో వరద అనగానే అందరి చూపూ కృష్ణ మీదికే పోతుంది. టీవీల వాళ్ళు ప్రకాశం బ్యారేజీ మీద కెమెరాలు పెడతారు, జనం గేట్లు చూడటానికి సాయంత్రం పిల్లల్ని వెంటేసుకుని వెళ్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అయినా నది ఒడ్డునే ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ చాలావరకు కాచింది. ఊరిని ముంచింది వెనకనుంచి వచ్చిన బుడమేరు. అజిత్ సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, జక్కంపూడి కాలనీ రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. ఈ జాగ్రత్తలు ముఖ్యంగా రైలు కట్టకు అవతల, ఉత్తరం వైపు ఉండేవాళ్ళ కోసం.

ముందు ఈ ఏరు తీరు తెలియాలి. మైలవరం వైపు కొండల్లో పడ్డ వాన వాగులుగా చేరి వెలగలేరు రెగ్యులేటర్ (గేట్లతో నీటిని మళ్ళించే కట్టడం) దగ్గరికి వస్తుంది. అక్కడినుంచి రెండు దారులు. ఒకటి డైవర్షన్ కాలువ: ఇబ్రహీంపట్నం దగ్గర, బ్యారేజీకి ఎగువన, కృష్ణలో కలుస్తుంది. రెండోది పాత ఏరు: నగరం ఉత్తరపు పల్లాల గుండా ఎనికేపాడు మీదుగా కొల్లేరుకు పోతుంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు డైవర్షన్ కాలువ నీళ్ళు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో అదే జరిగి కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం కూడా చేయివేస్తే చివరి గండి పూడేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. పాత ఏటికేమో ఆక్రమణలు, పూడికలు పోగా మిగిలిన వెడల్పే తక్కువ. చివర ఉన్న కొల్లేరు చేపల చెరువుల మధ్య ఇరుక్కుపోయింది, దాని నీళ్ళు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. కాబట్టి వచ్చిన నీరు తొందరగా పోదు. అందుకే మూడు రోజులకు సరిపడా సర్దుకుని కూర్చుంటే చాలదు.

ఇందులోంచి మొదటి జాగ్రత్త పుడుతుంది: మీ ఇంటి మీద వాన చూసి అంచనా వేయకండి. మీ వీధిలో ఎండ కాస్తుండగా కూడా నీరు రావచ్చు. చూడాల్సింది మూడు సంగతులు. మైలవరం వైపు ఎంత వాన పడింది, వెలగలేరులో లాకులు ఎత్తారా, కృష్ణ ఏ స్థాయిలో ఉంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అది అత్యంత భారీ వర్షం, ఎరుపు హెచ్చరిక ఇచ్చేది ఆ స్థాయికే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. ఆ అంకెలు కృష్ణ ఒడ్డు వాళ్ళకే అనుకుంటాం. కానీ రెండో హెచ్చరిక ఉండగా మైలవరంలో కుండపోత కురుస్తోందంటే సింగ్ నగర్ వాళ్ళు అప్పుడే సామాను పైకి ఎక్కించడం మొదలుపెట్టాలి. పెద్ద నదికి ఎగువ ప్రాజెక్టుల నుంచి ముందుగానే లెక్క తెలుస్తుంది. కొండల నుంచి వచ్చే ఏటికి అంత వ్యవధి ఉండదు. మైలవరం, జి.కొండూరు వైపు మీకు తెలిసినవాళ్ళు ఒకరు ఉంటే, వాళ్ళ నంబరు ఏ యాప్ కన్నా నయం.

వాట్సాప్‌లో “గండి పడింది, పారిపోండి” అని వచ్చిందని రాత్రిపూట రోడ్డెక్కకండి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. విపత్తుల నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070. జిల్లా కంట్రోల్ రూముకు 1077. కరెంటు సమస్యకు 1912. ఇవి ఫోనులోనే కాదు, గోడ మీద కూడా రాసి ఉంచండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోనులో ఏ నంబరూ కనపడదు.

ఇక ఇల్లు. మే నెలాఖరుకల్లా పూర్తిచేయాల్సిన పని కరెంటుది. కింద అంతస్తులో మీటరు, మెయిన్ స్విచ్ నడుము ఎత్తులో ఉంటే, 2024లో గోడ మీద నీటి మచ్చ ఎక్కడిదాకా ఉందో చూసి దానికి పైకి మార్పించుకోండి. మీటరు సొంతంగా ముట్టుకోవద్దు, విద్యుత్ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామంది మరిచేది ఇన్వర్టర్. మెయిన్ ఆపేశాం కదా అని నీళ్ళలో దిగుతారు, మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్ మాత్రం బ్యాటరీతో ఇంటి వైర్లలోకి కరెంటు పంపుతూనే ఉంటుంది. మెయిన్ ఆపినప్పుడే ఇన్వర్టర్ కూడా ఆపాలి. దాన్ని మొదటి అంతస్తుకు మార్చగలిగితే ఇంకా మంచిది. మేడ మీద సోలార్ పలకలుంటే, ఎండ ఉన్నంతసేపూ వాటి తీగల్లో కరెంటు ఉంటుందని గుర్తుంచుకోండి.

అపార్ట్‌మెంట్ అయితే కమిటీ వాళ్ళు లిఫ్టును పై అంతస్తులో నిలిపి కరెంటు తీసేయాలి. కరెంటు పోకముందే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, సంపులోకి వచ్చే వాల్వు కట్టేయాలి. వరద నీరు సంపులోకి దిగితే ఆ తర్వాత దాన్ని కడిగి, బ్లీచింగ్ వేసి, మళ్ళీ నింపేదాకా మొత్తం బిల్డింగుకు నీళ్ళుండవు. సెల్లార్‌లోని వాహనాలను హెచ్చరిక రాగానే మెరక మీదికి తీసుకెళ్ళండి. సెల్లార్‌లోకి నీళ్ళు వస్తుండగా బండి కోసం లోపలికి పోవద్దు. ఎంత ఖరీదైన కారైనా సరే, పోవద్దు.

మునిగిన బండిని స్టార్ట్ చేయకండి. ఈ ఒక్క మాట పాటించి ఉంటే ఎందరికో వేలల్లో డబ్బు మిగిలేది. నీరు చేరిన ఇంజన్ తిప్పితే లోపలి భాగాలు వంగిపోతాయి. నీళ్ళలో స్టార్ట్ చేయడం వల్లే పాడైందని తేలితే మామూలు సమగ్ర బీమాలో ఇంజన్ నష్టం రాదు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ వేరుగా తీసుకుని ఉండాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే వరదకు పైసా రాదు. జూన్ లోపు పాలసీ కాగితం తీసి ఒకసారి చదవండి. ఇంటికి కూడా బీమా ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఇస్తున్నాయి, అందులో వరద నష్టం కూడా చేరి ఉంటుంది. అద్దెకు ఉండేవాళ్ళు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. ఇళ్ళకు బీమా కట్టే అలవాటు మనకు లేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, పరుపులు అన్నీ ఒకేసారి పోయిన ఇంటివాళ్ళను అడిగితే ఆ అలవాటు ఎందుకు ఉండాలో చెబుతారు.

గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా నీళ్ళలో తేలుతుంది. రెగ్యులేటర్ ఆపి, విప్పి, సిలిండర్‌ను పైకి చేర్చండి, కుదరకపోతే కిటికీ చువ్వకు గొలుసుతో కట్టండి. కింద అంతస్తు మరుగుదొడ్లలోంచి మురుగు ఎగదన్నకుండా ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచులు అడ్డంపెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు జిప్ కవర్లలో వేసి అటక మీద పెట్టుకోండి. డిజిలాకర్‌లో ఎక్కించుకున్నా దస్తావేజు అసలు కాపీ విలువ వేరు.

నీరు రాకముందే వెళ్ళిపోవాల్సినవాళ్ళు కొందరున్నారు: నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు, మెట్లు ఎక్కలేని పెద్దలు. వీళ్ళు “చూద్దాంలే” అనుకోకుండా హెచ్చరిక రోజే బెంజి సర్కిల్ వైపో, గుంటూరో బంధువుల ఇంటికి వెళ్ళాలి. పడవ వచ్చినా మంచం పట్టిన మనిషిని పై అంతస్తు నుంచి దించడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. మిగతావాళ్ళు పైన ఉండగలిగితే ఉండవచ్చు, కానీ పై అంతస్తులో ఉన్నాం కదా మనకేం అనే ధీమా ఒద్దు. 2024లో నీళ్ళు వాళ్ళ ఇళ్ళలోకి రాలేదు, వాళ్ళూ కిందికి రాలేకపోయారు. తాగునీరు, పాలు, మందులు అయిపోయి డ్రోన్లలో వచ్చే పొట్లాల కోసం మేడ మీద నిలబడ్డారు. కనీసం వారానికి సరిపడా తాగునీళ్ళు, అటుకులు, మరమరాలు, బిస్కెట్లు, పసిపిల్లలకు పాలపొడి ఉంచుకోండి. బీపీ, షుగర్ మందులు పదిహేను రోజులకు తక్కువ కాకుండా ఉండాలి. కరెంటు లేనప్పుడు ఇన్సులిన్‌ను కొత్త కుండలో, తడిగుడ్డ చుట్టి ఉంచవచ్చు. ఐసు ముక్కల మీద నేరుగా పెట్టవద్దు, గడ్డకడితే పనికిరాదు.

పశువులుంటే పలుపు విప్పేయండి.

నీళ్ళలో నడవాల్సి వస్తే కర్రతో ముందు తడిమి అడుగు వేయండి. మ్యాన్‌హోల్ మూతలు తేలిపోయి ఉంటాయి. కాలికి పుండు ఉన్నా, గీరుకున్నా ఆ నీళ్ళలో దిగకపోవడమే మేలు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వరద తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే “నేను వరద నీళ్ళలో తిరిగాను” అని డాక్టరుకు మీరే చెప్పండి. అడగకపోవచ్చు. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం చేయకుండా, కరిచిన కాలు కదలకుండా చూసి 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. విరేచనాలకు ప్యాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించండి.

కొండల మీద ఇళ్ళ సంగతి వేరు. 2024 ఆగస్టు 31న, సింగ్ నగర్‌కు నీళ్ళు రావడానికి ముందురోజు, మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. గుణదల, విద్యాధరపురం, చిట్టినగర్ కొండవాలుల్లో ఉండేవాళ్ళు చూడాల్సినవి: గోడల్లో కొత్త పగుళ్ళు, ఒరిగిన కరెంటు స్తంభం, ఎప్పుడూ లేనిచోట బురద ఊట, పైనుంచి జారే చిన్న రాళ్ళు. ఇవి కనపడితే తెల్లారేదాకా ఆగొద్దు. ఎరుపు హెచ్చరిక రాత్రి కొండకు ఆనుకున్న గదిలో పడుకోవద్దు. ఇంకో గది కోసం కొండను తవ్వడం మాత్రం ఏ కాలంలోనూ చేయకూడని పని.

నీరు తగ్గాక ముందు ఫోటోలు, తర్వాతే శుభ్రం. గోడ మీద నీటి మచ్చ, పాడైన ప్రతి వస్తువు, బండి నంబరు ప్లేటు కనపడేలా తీయండి. 2024లో ప్రభుత్వం కింద అంతస్తు ఇళ్ళకు 25,000, పై అంతస్తుల వాళ్ళకు 10,000 రూపాయలు ప్రకటించింది. సర్వేలో పేరు రాలేదని వార్డు సచివాలయాల చుట్టూ తిరిగినవాళ్ళు తక్కువేం కాదు. ఇల్లు మారి ఆధార్ మార్చుకోనివాళ్ళు, అద్దె కాగితం లేనివాళ్ళు ఇలాంటప్పుడే ఇబ్బంది పడతారు. అవి ఎండాకాలంలోనే సరిచేసుకోండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా స్విచ్ వేయవద్దు.

చివరగా ఆ వైపు స్థలమో, ఫ్లాటో కొనేవాళ్ళకు. బెజవాడలో పల్లాల్లో ధర తక్కువ, అందుకే మధ్యతరగతి వాళ్ళు అటే చూస్తారు. తప్పు వాళ్ళది కాదు. ఏటి ఒడ్డున లేఅవుట్లు వేయనిచ్చి, రోడ్లు వేసి, కరెంటిచ్చి, ఇంటిపన్ను వసూలు చేసి, వరద వచ్చాక మాత్రం “ఆక్రమణదారులు” అనడం నాకు మింగుడు పడదు. అయినా డబ్బు మీది కాబట్టి మీరే చూసుకోవాలి. ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ కుదరని భూముల ‘22ఏ’ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైటులో చూడండి. గ్రామ పటం నకలు తీసుకుని వాగు పోరంబోకు ఎక్కడ ఉందో సర్వేయరుతో కొలిపించండి. ప్లాను ఉందంటే చాలదు, అనుమతిలో చూపిన హద్దూ, నేల మీది హద్దూ ఒకటేనా చూడాలి. మెరక చేసిన స్థలమైతే పక్క ఇంటి గుమ్మంతో, రోడ్డుతో పోల్చండి. ఏటా రోడ్డు మీద రోడ్డు వేస్తున్న వీధిలో గుమ్మం ఏటా కిందికి దిగినట్టే. ఇల్లు చూడటానికి ఏప్రిల్‌లో వెళ్ళకండి, ఆగస్టులో గట్టి వాన వెలిసిన మర్నాడు వెళ్ళండి. బ్రోకరును కాకుండా ఆ వీధిలో పాతకాలపు కిరాణా కొట్టాయన్ని అడగండి: 2005లో ఎక్కడిదాకా వచ్చింది, 2024లో ఎక్కడిదాకా వచ్చింది, ఎన్ని రోజులుంది.