ఉతికేదాకా క్లాత్ డైపర్లు ఎలా ఉంచాలి? బెజవాడ ఎండలకు నిలిచే పద్ధతి

విడిచిన క్లాత్ డైపర్ల వాసన ఇంట్లోకి రాకూడదని చాలామంది బకెట్ మూత గట్టిగా బిగిస్తారు. వాసన ముదిరేది అక్కడే. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. దానికి తడి, వెచ్చదనం ఉంటే చాలు. మే నెలలో విజయవాడలో ఎండ 42 డిగ్రీలు దాటిన రోజున పొద్దున మూసిన బకెట్‌ను సాయంత్రం తెరిస్తే కళ్లు మండేది ఇందుకే. ఆ అమ్మోనియా గుడ్డలో మిగిలిపోతే పిల్లల తొడలు ఎర్రగా కందిపోతాయి.

అందుకని నీళ్లు పోయకుండా, గాలి ఆడేలా ఉంచాలి. చుట్టూ కన్నాలున్న 15–20 లీటర్ల ప్లాస్టిక్ బుట్ట, అందులో ఒక వల సంచి సరిపోతాయి. సంచులు రెండుంటే ఒకటి మెషీన్‌లో తిరుగుతున్నప్పుడు రెండోది బుట్టలో ఉంటుంది. పైన మూతకు బదులు దోమతెర ముక్కకు ఎలాస్టిక్ కుట్టి తొడగండి. ఈగ గుడ్లు ఒక్క రోజులోపే పొదుగుతాయి కాబట్టి ఈ తెర మాత్రం మానొద్దు.

బుట్ట ఎక్కడ పెడతామన్నది కూడా ముఖ్యమే. వెంటిలేటర్ లేని అపార్ట్‌మెంట్ బాత్రూమ్ పనికిరాదు. పడమటి ఎండ తగిలే బాల్కనీ అంతకన్నా చెడ్డది. నీడగా ఉండి గాలి వచ్చే చోట, పాకే పిల్లలకు అందనంత ఎత్తున పెట్టండి.

డైపర్ విప్పగానే లోపలి ప్యాడ్ బయటికి లాగేయండి. డైపర్ లోపలి పాకెట్‌లో ప్యాడ్ అలాగే ఉంటే మధ్యలో తడి ఆరదు, మెషీన్‌లో కూడా సరిగా ఉతకబడదు. వెల్‌క్రో ఉన్నవైతే పట్టీలను వాటి చోటే అంటించి పెట్టండి, లేకపోతే డైపర్లన్నీ ఒకదానికొకటి గొలుసులా అతుక్కుంటాయి.

పగటి మూత్రం డైపర్‌ను నేరుగా బుట్టలో వేయొచ్చు. రాత్రిది అలా వేయకూడదు. పది గంటల మూత్రం ఒకే ప్యాడ్‌లో దిగి ఉంటుంది. పొద్దున లేవగానే కుళాయి కింద పెట్టి, పిండితే వచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా జాడించి, గట్టిగా పిండి, అప్పుడు వేయండి. ఈ రెండు నిమిషాల పనితోనే బుట్ట వాసన బాగా తగ్గుతుంది. మైక్రోఫైబర్ (సన్నటి సింథటిక్ దారాల) ప్యాడ్లు వాసనను కాటన్ కంటే గట్టిగా పట్టుకుంటాయి, వాటి విషయంలో మరీ జాగ్రత్త.

మలం సంగతికి వస్తే, తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలది నీళ్లలో కరిగిపోతుంది. చల్లటి దేశాల్లో దాన్ని జాడించకుండానే వేసేస్తారు, మన ఎండలకు మాత్రం జాడించి వేయడమే మంచిది. ఆరో నెలలో ఉగ్గు, మెత్తటి అన్నం మొదలయ్యాక గట్టి భాగాన్ని టాయిలెట్‌లో దులిపి, జెట్ స్ప్రేతో పై నుంచి కిందికి కొట్టండి. చన్నీళ్లే వాడాలి. వేడి నీళ్లు ముందే తగిలితే మరక గుడ్డలో స్థిరపడిపోతుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇంట్లో పెద్దవాళ్లు సర్ఫ్ నీళ్లలో నానబెట్టమంటారు. పాత పంచెలు, చీరలు చింపి కుట్టిన లంగోటాలను ఒక గంట నానబెట్టి ఉతికేస్తే ఇబ్బంది లేదు. నీరు కారకుండా లోపల పూత ఉన్న కవర్ల సంగతి వేరు. గంటల తరబడి నానితే ఆ పూత పొరలుగా లేస్తుంది, ఎలాస్టిక్ సాగుతుంది. పైగా మురికి ఒక డైపర్ నుంచి అన్నిటికీ పాకుతుంది. అన్నిటికన్నా పెద్ద భయం, అడుగున జానెడు నీళ్లున్న బకెట్లోకి కూడా పాకే పిల్లలు తలకిందులుగా పడి మునిగిపోగలరు. ఇంట్లో పసివాళ్లుంటే నానబెట్టిన బకెట్‌ను వదిలి కదలొద్దు.

వాసనకు వంటసోడా చల్లమని చెబుతుంటారు. అది అమ్మోనియాను పట్టుకోదు. బ్లీచింగ్, డెట్టాల్ లాంటివి పోసి ఉంచితే ఎలాస్టిక్ పాడవుతుంది, సరిగా జాడించకపోతే చర్మం మండుతుంది. వాసన ఎక్కువైందంటే ఉతకడం ఆలస్యమైందని అర్థం.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా 24 గంటలు దాటనివ్వొద్దు. మిగతా నెలల్లో 48 గంటలు హద్దు. వానాకాలంలో వాసన కంటే బూజు పెద్ద సమస్య. తడిసిన ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే నల్లటి చుక్కలు వస్తాయి, అవి ఉతికినా పూర్తిగా పోవు. ముసురు రోజుల్లో ప్యాడ్లను బుట్టలో కుక్కకుండా, ఉతికేదాకా బుట్ట అంచున విడివిడిగా వేలాడదీయండి. నెలల పిల్లలకు రోజుకు 10–12 డైపర్లు పడతాయి కాబట్టి రోజు విడిచి రోజు ఉతకాలంటే కనీసం 24 ఉండాలి. అన్ని లేనివాళ్లు రోజూ ఉతకాల్సిందే. కుళాయి నీళ్లు వచ్చే వేళకు ఉతుకుడు పెట్టుకుంటే చన్నీళ్లతో ముందు ఒకసారి జాడించడానికి నీళ్లు చాలవన్న బాధ ఉండదు.

పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఈ లెక్కలేవీ వద్దు. ఆ డైపర్లు వేరే సంచిలో వేసి అదే రోజు ఉతకండి. ప్యాడ్లు 60 డిగ్రీల నీళ్లకు తట్టుకుంటాయి, పూత ఉన్న కవర్లు 40 దాటకూడదు.

గుంటూరు నుంచి విజయవాడకు పెళ్లికో, దుర్గమ్మ గుడికో వెళ్లేటప్పుడు జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ సంచి వాడక తప్పదు. గాలి ఆడదు కాబట్టి అది ప్రయాణానికి మాత్రమే. కారు డిక్కీలో వదిలేయకుండా మీతో ఉంచుకోండి, ఇంటికి రాగానే చెప్పులు విడిచినంత తొందరగా దాన్ని బుట్టలో ఖాళీ చేయండి.