పివట్ టేబుల్‌లో ఖాళీ వరుసలు, నిలువు వరుసలు కనబడకుండా చేయడం

ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పెద్ద పట్టికలోని సమాచారాన్ని గుంపులవారీగా కూడి చూపే సారాంశ పట్టిక) తయారుచేసినప్పుడు కనబడే ఖాళీలన్నీ ఒకే కారణంతో వచ్చినవి కావు. కాబట్టి దేన్నైనా దాచే ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవాలి. ఉదాహరణకు ఒక ఎరువుల దుకాణం అమ్మకాల పట్టికలో మండలం, ఎరువు, తేదీ, సొమ్ము అనే నాలుగు శీర్షికలు ఉన్నాయనుకుందాం. పివట్‌లో మండలాలను, వాటి కింద ఎరువుల పేర్లను వరుసల్లోనూ, నెలలను నిలువు వరుసల్లోనూ, సొమ్మును విలువల స్థానంలోనూ పెట్టాము.

ఒక్కొక్క మండలం ముగిశాక ఒక ఖాళీ వరుస వస్తుంటే అది సమాచారానికి సంబంధించినది కాదు, అమరికకు సంబంధించినది మాత్రమే. డిజైన్ ట్యాబ్‌లోని బ్లాంక్ రోస్ కింద రెండో ఎంపికను నొక్కితే పోతుంది.

యూరియా, డీఏపీ, పొటాష్ పేర్లు ప్రతి మండలం కిందా వరుసగా కనబడుతూ, ఆ మండలంలో అమ్ముడుపోని వాటి ఎదుట గడులన్నీ ఖాళీగా ఉంటే, ‘షో ఐటమ్స్ విత్ నో డేటా’ అనే గుర్తును ఎవరో పెట్టారన్నమాట, ఎందుకంటే ఎక్సెల్ తనంతట తాను దాన్ని పెట్టదు. ఏదైనా ఒక ఎరువు పేరు మీద కుడి క్లిక్ చేసి, ఫీల్డ్ సెట్టింగ్స్ తెరిచి, లేఅవుట్ అండ్ ప్రింట్ ట్యాబ్‌లో ఆ గుర్తు తీసివేయాలి. నెలల విషయంలోనూ ఇదే పద్ధతి. తేదీలను నెలలుగా గుంపు చేసిన చోట ఈ గుర్తు ఉంటే, అమ్మకం లేని నెలలతో పాటు, మొదటి తేదీకి ముందు, చివరి తేదీకి తర్వాత అని సూచించే రెండు అదనపు నిలువు వరుసలు కూడా వస్తాయి. డేటా మోడల్ (ఎక్సెల్ ఫైల్‌లోనే పట్టికలను ఒకదానితో ఒకటి జోడించి ఉంచే ఏర్పాటు) మీద కట్టిన పివట్‌కు మాత్రం ఈ ఎంపిక పివట్‌టేబుల్ ఆప్షన్స్‌లోని డిస్‌ప్లే ట్యాబ్‌లో, వరుసలకూ నిలువు వరుసలకూ విడివిడిగా ఉంటుంది. పన్నెండు నెలలూ కనబడవలసిన నివేదిక అయితే ఈ గుర్తును ఉంచడమే మంచిది. అమ్మకం లేని నెల కూడా చదివేవారికి ఒక సమాచారమే.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది, కుండలీకరణాల మధ్య ‘బ్లాంక్’ అన్న పేరుతో వచ్చే వరుస. మూల పట్టికలో మండలం గడి ఖాళీగా వదిలేసిన అమ్మకాలన్నీ అక్కడికి చేరతాయి. ఫిల్టర్ జాబితాలో దాని ఎదుట ఉన్న గుర్తు తీసేస్తే వరుస మాయమవుతుంది గాని, సాధారణ పివట్‌లో గ్రాండ్ టోటల్ కనబడే వరుసలను మాత్రమే కూడుతుంది కనుక ఆ వరుసలోని సొమ్ము కూడా మొత్తం నుంచి చడీచప్పుడు లేకుండా తగ్గిపోతుంది. అందుకే ముందుగా ఆ వరుసలోని మొత్తం మీద రెండుసార్లు క్లిక్ చేయాలి. దాని వెనుక ఉన్న అసలు నమోదులు కొత్త షీట్‌లో తెరుచుకుంటాయి. వాటిలో సొమ్ము ఉంటే మూల పట్టికలో మండలం పేరు నింపి రిఫ్రెష్ చేయాలే తప్ప దాచకూడదని నా అభిప్రాయం. సొమ్మేమీ లేకుంటే, బహుశా పివట్ కట్టేటప్పుడు నిలువు వరుసలను మొత్తంగా ఎంచుకోవడంతో కింది ఖాళీ గడులు కూడా చేరి ఉంటాయి. మూల సమాచారాన్ని కంట్రోల్, టి మీటలతో టేబుల్‌గా మార్చి, ఛేంజ్ డేటా సోర్స్‌లో ఆ టేబుల్ పేరు ఇస్తే, కొత్త నమోదులు చేరినప్పుడు పరిధి దానంతటదే పెరుగుతుంది, ఖాళీ వరుస బెడద కూడా ఉండదు.

సున్నాలు మాత్రమే ఉన్న వరుసలను తీసివేయడానికి, ఎరువు పేర్ల ఫిల్టర్ బాణం నొక్కి, వాల్యూ ఫిల్టర్స్‌లో ‘డజ్ నాట్ ఈక్వల్’ ఎంచుకుని 0 ఇవ్వాలి. నెలలకైతే కాలమ్ లేబుల్స్ బాణం దగ్గర ఇదే పని చేయాలి. ఈ ఫిల్టర్ చూసేది విడివిడి గడులను కాదు, ఆ అంశం మొత్తాన్ని. కాబట్టి ఒక నెలలో అమ్మిన సరుకంతా తర్వాతి నెలలో వాపసు వచ్చి, దాన్ని మైనస్‌తో నమోదు చేసి ఉంటే, నికరం సున్నా అయి ఆ వరుస కూడా దాగిపోతుంది. అలాంటి లావాదేవీలున్న పట్టికలో ఫిల్టర్ వాడకుండా, నంబర్ ఫార్మాట్‌లో 0;-0;; అని ఇచ్చి సున్నా అంకెలను మాత్రమే కనబడకుండా చేయడం మేలు. మరో సంగతి: ఒకే ఫీల్డ్‌కు, అంటే ఒకే శీర్షికకు, లేబుల్ ఫిల్టర్ (పేరును బట్టి వడపోసేది), వాల్యూ ఫిల్టర్ (విలువను బట్టి వడపోసేది) రెండూ కావాలంటే, పివట్‌టేబుల్ ఆప్షన్స్‌లోని టోటల్స్ అండ్ ఫిల్టర్స్ ట్యాబ్‌లో ఒకటికి మించి ఫిల్టర్లను అనుమతించే గుర్తు పెట్టాలి, లేకుంటే రెండోది మొదటిదాన్ని రద్దు చేస్తుంది.

షీట్ అంచున వరుస సంఖ్య మీద కుడి క్లిక్ చేసి హైడ్ నొక్కడం మాత్రం పివట్‌కు పనికిరాదు. అలా దాగేది షీట్‌లోని ఆ స్థానమే గాని ఖాళీ అంశం కాదు. రిఫ్రెష్‌తో పట్టిక పెరిగినా తగ్గినా సొమ్మున్న మరో వరుస ఆ దాగిన స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. ముద్రణ కోసమే కావాలనుకుంటే, పివట్‌ను కాపీ చేసి మరో షీట్‌లో విలువలుగా పేస్ట్ చేసి, అక్కడ ఏ వరుసనైనా నిశ్చింతగా దాచుకోవచ్చు.