సంక్రాంతికి ఇంటినిండా జనం: సామాను విరక్కుండా ముందుగా చూసుకోవలసినవి

ఏడాదంతా అమ్మా నాన్నా ఇద్దరే ఉండే ఇంట్లో జనవరి రెండో వారం వచ్చేసరికి పదిహేను మంది తేలతారు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, వాళ్ల పిల్లలు. ఇద్దరికి సరిపోయే మిక్సీ, గీజరు, నీళ్ల ట్యాంకు, బాత్రూము ఉన్నట్టుండి అంతమందికీ చాకిరీ చెయ్యాలి. కనుమ దాటేసరికి మిక్సీ జారు ఒకటి, కుర్చీ కాలొకటి, పెరట్లో కుళాయి ఒకటి పోయి ఉంటాయి. ఎవరు విరగ్గొట్టారని అడిగితే, ఎవరూ కాదు.

చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. పాత ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక కిటుకు ఉంటుంది. పెరటి కుళాయి మెల్లగా తిప్పి వదిలెయ్యాలి, గట్టిగా బిగిస్తే వాషరు నలిగిపోతుంది. వంటింటి తలుపు కాస్త పైకెత్తి లాగాలి. మిక్సీ మూత మీద చెయ్యి తియ్యకూడదు. ఇవన్నీ అమ్మ చేతికి తెలుసు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో దిగినవాళ్లకి తెలియవు, వాళ్లింట్లో తిప్పినట్టే ఇక్కడా తిప్పుతారు. పిల్లల అల్లరి మీదకి తోసేస్తాం గానీ, సామాను ఎక్కువగా పోయేది ఈ కిటుకు తెలియకా, లోడు తట్టుకోలేకా. జాగ్రత్తలు కూడా ఈ రెండింటి చుట్టూనే తీసుకోవాలి.

పండగకి వారం ముందు

భోగి నుంచి ముక్కనుమ దాకా ప్లంబరు ఫోనెత్తడు. ఎలక్ట్రీషియను ఎత్తినా, వెనకాల కోడిపందేల గోల వినబడుతుంటే అతను వస్తాడని ఆశపెట్టుకోనక్కర్లేదు. విడిభాగాల షాపులు కూడా మూసేస్తారు. అందుకని వారం ముందే ఒక సంచీలో కొన్ని వేసి పెట్టుకోండి: మీ కుక్కరు సైజు గ్యాస్కెట్టు, సేఫ్టీ వాల్వు, మిక్సీ కప్లరు (జారుని మోటారుతో కలిపే పళ్ల చక్రం), కుళాయి వాషర్లు, కుళాయి మరకి చుట్టే తెల్ల టేపు, ఒక ప్లాస్టిక్ కుళాయి, రెండు బల్బులు. కప్లరూ గ్యాస్కెట్టూ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లాలి. కంపెనీ పేరు చెప్తే సరిపోదు, ఒకే కంపెనీలో నాలుగు రకాలుంటాయి.

ఇంకో పని, అమ్మని వెంటబెట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. "దీన్ని ఎలా వాడతావు?" అని ప్రతిదాని దగ్గరా ఆగి అడగండి. ఏళ్ల తరబడి అలవాటైపోయి, అది కిటుకని ఆవిడకే తెలియనివి బోలెడు బయటపడతాయి. బాగుచేయించగలిగినవి బాగుచేయించండి. లేనివాటి మీద చీటీలు అంటిస్తే ఎవరూ చదవరు. ఇంట్లో పదేళ్ల పిల్ల ఉంటే ఆ కిటుకులు చెప్పే పని దానికి అప్పగించడం మేలు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనీ తిప్పి చూపిస్తుంది, కొత్తల్లుడైనా మొహమాటం లేకుండా "మావయ్యా, అలా కాదు" అంటుంది.

వంటిల్లు

ఎక్కువ నష్టం ఇక్కడే. మిక్సీతో మొదలుపెడతాను. అరిసెలకి నానబెట్టిన బియ్యం కిలోల లెక్కన మిక్సీలో ఆడించడం దానికి శిక్ష. తడిబియ్యం బ్లేడుకి అడ్డం పడి మోటారు వేడెక్కుతుంది. పండగ ముందు చాలా ఊళ్లలో మిల్లుల దగ్గర తడిపిండి ఆడతారు, అక్కడికి పంపెయ్యండి. పచ్చళ్లకీ మసాలాలకీ మిక్సీ వాడేటప్పుడు జారు మూడింట రెండు వంతులకి మించి నింపకూడదు, నిమిషం తిప్పి కాస్త ఆపాలి. వేడివేడి టమాటాలు వేసి మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి మొహం మీద పడుతుంది.

కప్లరు ఎందుకు అరుగుతుందో చాలామంది గమనించరు. మోటారు పూర్తిగా ఆగకముందే జారు పైకి లాగేస్తారు. తిరుగుతున్న పళ్లు, ఆగిపోయిన పళ్లు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. శబ్దం పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకుండా ఉంటే కప్లరు ఏళ్లు వస్తుంది. మిక్సీ మధ్యలో ఆగిపోతే "కాలిపోయింది" అని వెంటనే తీర్పు చెప్పెయ్యకండి. చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర మీట ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారుని కాపాడ్డానికి అది తనంతట తనే కరెంటు ఆపేస్తుంది. ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, జారులో సగం తగ్గించి, మీట నొక్కితే మళ్లీ తిరుగుతుంది. మీట నొక్కినా వెంటవెంటనే ఆగిపోతుంటే మాత్రం ఆ పండగకి దానికి సెలవివ్వాలి.

గ్లాస్ టాప్ స్టవ్ ఉన్న ఇళ్లకి ఈ రోజులు మరీ ప్రమాదం. బూరెలు, జంతికలు, అరిసెలు అంటూ వెడల్పాటి మూకుడు గంటల తరబడి పొయ్యి మీదే ఉంటుంది. గిన్నె బర్నరు కంటే బాగా పెద్దదైతే మంట పైకి పోయే దారి లేక వేడి కిందికి మళ్లి గాజు పలకకి తగులుతుంది. ఆ వేడి గాజు మీద ఎవరో తడిగుడ్డ వేసి తుడుస్తారు, లేదా పాలు పొంగిందని చన్నీళ్లు చల్లుతారు. అది టఫెండ్ గాజు. మామూలు అద్దంలా గీత పడి ఊరుకోదు, ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో పలకంతా చిన్న చిన్న ముక్కలైపోతుంది. పక్కన కాగిన నూనె ఉందంటే ఇక చెప్పక్కర్లేదు. పిండివంటలన్నీ పెరట్లో గాడిపొయ్యి మీదో, విడిగా తెచ్చిన ఇనప బర్నరు మీదో పెట్టుకోండి. ఇంట్లో స్టవ్ కాఫీకీ, కూరలకీ మాత్రమే. తుడవడం రాత్రి, పూర్తిగా చల్లారాకే.

కుక్కరు విషయంలో భయం ఉండాల్సిందే. పదిహేను మందికని అంచుదాకా పప్పు పోసేస్తారు. పప్పూ బియ్యమూ సగానికి మించకూడదు, నీళ్లతో కలిపి చూసుకోవాలి. ఇంకేదైనా సరే మూడింట రెండు వంతుల దాకానే. పప్పు నురగ ఎగిరి వెయిట్ కింది గొట్టంలో చేరిందంటే ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. మూతని వెలుతురుకి పట్టుకుని ఆ గొట్టంలోంచి చూస్తే వెలుగు కనబడాలి. గ్యాస్కెట్టు గట్టిపడి, లాగితే సాగకపోతే మార్చెయ్యండి. ఆవిరి పోకముందే మూత తియ్యడానికి బలం ఉపయోగించే మగవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లని వంటింట్లోకి రానివ్వకపోవడమే జాగ్రత్త.

గాజు గ్లాసులూ, పింగాణీ ప్లేట్లూ బీరువాలో పెట్టి తాళం వేసెయ్యండి. ఆ నాలుగు రోజులు అందరికీ స్టీలు గ్లాసులే. అతిథికి గాజు కప్పులో ఇస్తేనే మర్యాద అనుకునేవాళ్లు రెండు కప్పులు విడిగా పెట్టుకోవచ్చు గానీ, వాటిని సింకులో వేడి టీతోనే పడేసి మీద చన్నీళ్లు వదలకూడదు. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గాజు గ్లాసులని లాగి విడదీస్తే చెయ్యి తెగుతుంది. లోపలి గ్లాసులో చన్నీళ్లు పోసి, బయటి గ్లాసుని గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే అవే వదులవుతాయి.

ఆవకాయ జాడీని ఎవరి చేతికీ ఇవ్వకండి. నాలుగు రోజులకి సరిపడా చిన్న సీసాలోకి తీసి, జాడీకి మళ్లీ గుడ్డ కట్టి నేలమీదే ఒక మూల పెట్టండి. అటక మీద, అర అంచున వద్దు. జరపాల్సి వస్తే మెడ పట్టుకుని కాదు, రెండు చేతులూ అడుగున వేసి. తడి గరిటె పడి బూజు పట్టినా, చెయ్యి జారి పగిలినా పోయేది ఏడాది ఆవకాయ, మళ్లీ మామిడికాయలొచ్చే దాకా దిక్కుండదు.

ఫ్రిజ్ గురించి ఒక్క మాట. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టిందని చాకుతో గోకితే ఫ్రీజరు గోడలో ఉన్న సన్నటి గొట్టానికి చిల్లు పడి గ్యాసు పోతుంది. ఐస్ ట్రే రాకపోతే ఆఫ్ చేసి కరగనివ్వండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలన్నీ తలుపు అరల్లో నింపితే అర విరుగుతుంది, తలుపు వాలిపోతుంది. ప్లాస్టిక్ టబ్బులో ఐసుగడ్డ వేసి వాటిని వరండాలో పెడితే ఫ్రిజ్ తలుపు తెరవడం కూడా తగ్గుతుంది.

నీళ్లు, కరెంటు

పదిహేను లీటర్ల గీజరు, 2000 వాట్లది, ఒకసారి నిండా వేడెక్కడానికి దాదాపు 20 నిమిషాలు తీసుకుంటుంది. పదిహేను మంది వరసగా నిలబడితే ఎంతసేపో లెక్కేసుకోండి. అంతసేపు ఆగలేక ఎవరో పక్క గదిలో ఎక్స్‌టెన్షన్ బోర్డుకి హీటరు రాడ్డు తగిలిస్తారు. ఆ సన్నటి వైరు దానికి సరిపోదు, బోర్డు కరుగుతుంది. రాడ్డు అంటుకుని ప్లాస్టిక్ బకెట్టు కూడా కరుగుతుంది. స్విచ్ ఆపి ప్లగ్గు తియ్యకుండా నీళ్లు వేడెక్కాయా అని వేలు పెట్టి చూసేవాళ్లుంటారు, ప్రాణాలు పోతాయి. పిల్లలున్న ఇంట్లో రాడ్డు అసలు బయటికి తియ్యకపోతే మంచిది. భోగినాడు తలంట్లకి ఎలాగూ పెరట్లో కాగు పెడతారు. మిగతా రోజులు కూడా దాన్ని అక్కడే ఉంచండి.

గీజరు, ఇండక్షన్ స్టవ్ లాంటివి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టాలి. ఇవన్నీ ఒకేసారి, మోటారుతో పాటు నడిస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోవడం మామూలే, అది దాని పని. పదే పదే పడుతోందని దాన్ని పైకెత్తి వేలితో పట్టుకుని నిలబడ్డ పెద్దమనుషులు కూడా ఉన్నారు! పెద్ద ఎంసీబీ వేయించడం అంతకంటే తప్పు, వైరు పాతదే కాబట్టి ఈసారి గోడలో అదే కాలుతుంది.

మోటారు ఎవరు వెయ్యాలో, ఎవరు ఆపాలో ఒకరికే అప్పగించండి. నలుగురు వేస్తే ఎవరూ ఆపరు. బోరులో నీళ్లు తగ్గాక కూడా తిరిగితే మోటారు కాలిపోతుంది. సెప్టిక్ ట్యాంకు తీయించి చాలా ఏళ్లయితే పండగకి ముందే తీయించండి. ప్రతి బాత్రూములోనూ మూత ఉన్న డబ్బా, పక్కన పాత పేపర్లు పెట్టండి. డైపర్లూ, తడి టిష్యూలూ కమోడులోకి వెళ్లేది డబ్బా కనబడకపోవడం వల్లే.

హాలు, పిల్లలు, బొమ్మలు

ఎండలో ఏళ్లపాటు పడున్న ప్లాస్టిక్ కుర్చీ చూడ్డానికి బాగానే ఉంటుంది. వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటే అది పెళుసెక్కిందన్నమాట. కాళ్లు కలిసే చోట తెల్లటి గీతలు కనబడినా అంతే. అలాంటివి మేడ మీద పారేసి రాకండి, ఎవరో ఒకరు దింపి తెస్తారు, విరిచి పాత సామాను వాళ్లకి వేసెయ్యండి. షామియానా వాళ్ల దగ్గర కుర్చీలు, గుండిగలు అద్దెకి తెచ్చుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పిల్లలని ముట్టుకోవద్దని కేకలెయ్యడం కంటే వరసలు మార్చడం తేలిక. అందుబాటులో ఉండే కింది మెట్ల మీద ఏటికొప్పాక లక్క బొమ్మలు పెట్టండి. అంకుడు కర్రని తరిణి పట్టి చేసినవి, అంచులు గుండ్రంగా ఉంటాయి, కింద పడినా తట్టుకుంటాయి. కొండపల్లి బొమ్మలు వాటి పైన. తెల్ల పొణికి కర్ర తేలిక, చేతులూ కాళ్లూ విడిగా చెక్కి అతికిస్తారు కాబట్టి పడితే అతుకు దగ్గరే ఊడతాయి. అమ్మమ్మ నాటి మట్టిబొమ్మలు అన్నిటికంటే పైమెట్టు మీద, గోడకి ఆనించి పెట్టండి.

విరిగాక

అల్లుడి చేతిలో విరిగితే "పోనీలెండి, దిష్టి పోయింది" అంటారు. కోడలి చేతిలో విరిగితే దిష్టి ఎక్కడికీ పోదు, మాట వస్తుంది. అందువల్ల జరిగేదేమిటంటే, పగుళ్లిచ్చిన జారుని కడిగి బోర్లించి అరలో వెనక్కి నెట్టేస్తారు, పిడి ఊగే కుక్కరుని ఏమీ ఎరగనట్టు పెట్టేస్తారు. మర్నాడు దాన్ని వాడేవాళ్ల చెయ్యి కాలుతుంది. విరిగిన వస్తువు కంటే సగం విరిగి దాచిన వస్తువు ప్రమాదం. అందరూ వచ్చిన మొదటి రోజే, ఇంటి పెద్ద నోటితోనే, "ఏది పోయినా చెప్పండి, ఎవరినీ ఏమీ అనం" అనిపించాలి. ఆ తర్వాత నిజంగానే ఏమీ అనకూడదు, ముఖ్యంగా కోడలిని.

గాజు పగిలితే ముందు పిల్లలని ఎత్తుకోండి, చెప్పులు తొడుక్కోండి, ఆ తర్వాతే చీపురు. కంటికి కనబడని నలుసులని తడిపిన పేపరుతోనో, తడి చపాతీ పిండి ముద్దతోనో అద్ది తియ్యాలి. వాటిని మందపాటి పేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన "గాజు" అని రాసి చెత్త బండి వాళ్లకి విడిగా ఇవ్వండి. కవరులో అలాగే పడేస్తే పారిశుధ్య కార్మికుల చేతులు తెగుతాయి.

ఖర్చు సంగతి కూడా మాట్లాడుకోవాలి, మొహమాటమైనా సరే. పండగ నలుగురిదీ అయినప్పుడు కాలిన మోటారూ పగిలిన స్టవ్వూ ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్ల పింఛనులోంచి బాగుపడటం న్యాయం కాదు. ఉద్యోగాలు చేసే పిల్లలు వచ్చిన రోజే తలో కొంత వేసి అమ్మ చేతిలో పెట్టండి. ఆ డబ్బుల్లోంచే మరమ్మతులు, మిగిలితే కొత్త జారు. తిరిగి వెళ్లేరోజుకి వాయిదా వేస్తే బస్సు హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.