తొలితరం స్వీడిష్ జాజ్ కళాకారుడి జీవితకథను కూర్చడం ఎలా

పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టకండి. ముందు 78 ఆర్‌పీఎం రికార్డు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డు సంపాదించండి. లేబుల్ మీది నంబరు విడుదలది. మీకు కావలసింది మేట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగ్‌కు ఇచ్చిన నంబరు. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి చోట అచ్చొత్తి ఉంటుంది. దీపం పక్కనుంచి వాలుగా పడితేనే కనిపిస్తుంది. అదే రికార్డింగ్ తర్వాత వేరే బ్యాండు పేరుతో వచ్చినా సాధారణంగా ఈ నంబరు మారదు. టేక్ నంబరు (అదే పాటను ఎన్నోసారి రికార్డు చేశారో చెప్పేది) ఉంటే అదీ రాసుకోండి, టేక్ మారితే సోలో మారుతుంది.

తుడవడానికి స్పిరిట్ వాడారో, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ చాలు, లేబుల్ తడవకూడదు. సూది 3 మిల్‌ది పెట్టండి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఎల్పీ సూది సన్నం, గాడి అడుగుకు దిగి బరబరమంటుంది. వేగం 6 శాతం తప్పితే శ్రుతి అర మెట్టు జరుగుతుంది. ట్రంపెట్, సాక్సోఫోన్ వాళ్లకు చేతికి అనువుగా ఉండేది బి ఫ్లాట్ శ్రుతి. పాట దానికి అర మెట్టు పైనున్న 'బి'లో వినిపిస్తే కళాకారుడి ప్రతిభను మెచ్చుకునే ముందు టర్న్‌టేబుల్‌ను అనుమానించండి.

లేబుల్ మీద తరచు నాయకుడి పేరొక్కటే ఉంటుంది. వాయించిందెవరో తెలియాలంటే 1933లో మొదలైన 'ఓర్కెస్టర్‌యూర్నాలెన్' పత్రిక పాత సంచికలు తిరగేయాలి. అంతకు ముందు కాలానికి దినపత్రికల్లోని డాన్స్ రెస్టారెంట్ల ప్రకటనలే దిక్కు. స్టాక్‌హోమ్‌లోని స్వెన్స్క్ట్ వీసార్కివ్ అనే సంగీత భాండాగారంలో జాజ్ సేకరణ ఉంది.

సూచికల్లో చాలామంది బోల్తా పడేది అక్షరక్రమం దగ్గర. స్వీడిష్‌లో చుక్కల 'ఓ' (Ö) జెడ్ తర్వాత వస్తుంది. పాత జాబితాల్లో వీ, డబుల్యూ ఒకే అక్షరం కింద లెక్క. బ్యాండు నాయకుడు సేమూర్ ఓస్టర్వాల్‌ను మామూలు 'ఓ' (O) కింద వెతికితే దొరకడు. మరో నాయకుడు హోకన్ ఫాన్ ఐక్వాల్డ్ (von Eichwald) కోసం 'ఫాన్' వదిలేసి ఇంగ్లిష్ 'E' అక్షరం కింద కూడా చూడండి. ఆండర్సన్‌లైతే కొల్లలు, కాబట్టి ముద్దుపేరూ వాయిద్యమూ కలిపి నోట్ చేసుకోండి.

పుట్టుక, వలసల వివరాలు ఆఖరున. 1991 మధ్య దాకా జనాభా పుస్తకాలు స్వీడన్ చర్చి చేతిలోనే ఉండేవి, అందుకే ఊరితో పాటు పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు కావాలి. చాలా పాత పుస్తకాలు స్వీడన్ జాతీయ ఆర్కైవ్ రిక్సార్కివెట్ సైట్‌లో ఉచితం. వ్యక్తిగత వివరాలకు 70 ఏళ్ల దాకా గోప్యత ఉండవచ్చు.

ఇక జ్ఞాపకాలు. పాతకాలం వాళ్లెవరైనా "ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చిన ఏడు" అని చెబితే వెంటనే 1933 అని వేసేయకండి, ఆ అమెరికన్ ట్రంపెట్ కళాకారుడు 1949లో మళ్లీ స్వీడన్ వచ్చాడు. అమెరికన్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ కూడా 1939లో ఒకసారి, 1950లో ఇంకోసారి. మీ కళాకారుడు అప్పుడు వాయిస్తున్న బ్యాండుకు నాయకుడెవరని అడిగితే ఏ రాకో తేలిపోతుంది.