బరంపురం వైపు ఇల్లు కొన్నా అమ్మినా బ్రోకర్ కమీషన్ ముందే తేల్చుకోండి

ఒడిశాలో బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇల్లు చూస్తున్నామని నలుగురి చెవిన పడితే చాలు, సాయంత్రానికల్లా బ్రోకర్ల ఫోన్లు మొదలవుతాయి. వాళ్ల బండెక్కి ఇల్లు చూడ్డానికి బయల్దేరకముందే మూడు సంగతులు అడగండి. మీరు ఎవరి తరఫున పనిచేస్తున్నారు, కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి. ఇల్లు నచ్చేశాక అడిగితే బేరమాడ్డానికి మన చేతిలో ఏమీ మిగలదు.

కమీషన్ ఇంతే ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. మామూలుగా కొనేవాళ్ల దగ్గర ఒక శాతం, అమ్మేవాళ్ల దగ్గర ఒక శాతం అడుగుతారు, కొందరు రెండు అంటారు. 40 లక్షల ఇంటికి ఒక శాతం అంటే 40,000. బ్రోకర్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే దాని మీద 18 శాతం, అంటే ఇంకో 7,200 పడుతుంది, కాబట్టి చెప్పిన రేటు జీఎస్టీతో కలిపా కాదా అన్నది కూడా అప్పుడే అడిగేయండి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరున 5 శాతం, ఆడవాళ్ల పేరున 4 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. ఇవి ప్రభుత్వానికి వెళ్లేవి, కమీషన్‌కి వీటితో సంబంధం లేదు. ‘అన్నీ కలిపి ఇంత ఇచ్చేయండి, మిగతాది నేను చూసుకుంటా’ అంటే ఒప్పుకోకండి, దేనికెంతో విడివిడిగా రాయించుకోండి.

ఒకే మనిషి ఇద్దరి దగ్గరా తీసుకోవచ్చు, ఆ సంగతి ఇద్దరికీ తెలిసి ఉంటే. అసలు నష్టం జరిగేది కొనేవాళ్లకో ధర, అమ్మేవాళ్లకో ధర చెప్పి ఆ తేడా మింగేసే దగ్గర. మా నాన్నగారి ఇల్లు అమ్మినప్పుడు మధ్యవర్తి ‘మీ చేతికి 28 లక్షలు వస్తాయి’ అన్నాడు, మేం సరే అన్నాం. రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు వరండాలో కూర్చున్నప్పుడు కొన్నావిడ మా అమ్మతో మాటల్లో 31 ఇచ్చామని చెప్పింది. అడ్వాన్సు నగదుగా అతని చేతికే ఇచ్చారట. మూడు లక్షలు మధ్యలోనే పోయాయి, పైగా ఇద్దరి దగ్గరా ఒక్కో శాతం విడిగా తీసుకున్నాడు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మన పని మీద తిరిగే ఏజెంటు మనకి తెలియకుండా సొంతంగా లాభం చేసుకుంటే ఆ లాభం అడిగే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం మనకి ఇచ్చింది, కానీ నిరూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

అందుకే అగ్రిమెంటుకి ముందు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ధర ఒకరి నోట ఒకరు వినాలి. బ్రోకర్ దీనికి అడ్డుపడితే ఆ బేరం వదిలేయండి. అడ్వాన్సు నేరుగా అమ్మేవాళ్ల బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. ఇల్లు అమ్మేవాళ్లు 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా అడ్వాన్సు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఎలాగూ తప్పే.

కమీషన్ కాగితం ఒక పేజీ చాలు. ఇంటి ధర, కమీషన్ మొత్తం, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, మీదీ బ్రోకర్‌దీ సంతకాలు. నా సలహా, రిజిస్ట్రేషన్ అయ్యాకే మొత్తం ఇవ్వండి. ఒప్పుకోకపోతే అగ్రిమెంటు రోజు పావు వంతు ఇవ్వండి, అంతకు మించి వద్దు. పట్టాలో లోపం వల్ల బేరం చెడిపోతే కమీషన్ ఉండదని, ఇచ్చింది వెనక్కి ఇవ్వాలని ఒక వాక్యం తప్పకుండా రాయించండి. చివర్లో ‘నేనూ పార్టీని తెచ్చాను’ అంటూ ఇంకో ఇద్దరు వస్తారు. మేం ఇచ్చేది ఒక్కరికే, మీలో మీరు పంచుకోండి అని కాగితంలోనే ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ స్థలం కొనేవాళ్లు గుంట దగ్గర జాగ్రత్త. తెలంగాణలో గుంట అంటే ఎకరంలో 40వ వంతు, 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో 25వ వంతు, నాలుగు డెసిమల్స్ (డెసిమల్ అంటే ఎకరంలో వందో వంతు), సుమారు 1,742 చదరపు అడుగులు. ధరైనా కమీషనైనా గుంట లెక్కన మాట్లాడితే, డెసిమల్‌లోకి మార్చి రాయించుకోండి.

పట్టా ఒడియాలో ఉంటుంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడ్డం వచ్చినా చదవడం రాదు, బ్రోకరే చదివి చెబుతాడు, మనం తలూపుతాం. అలా చేయకండి. ఒడిశా ప్రభుత్వ భూ రికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టాలోని ఖాతా నంబరు, ప్లాట్ నంబరు కొట్టి, కిసం (భూమి రకం) దగ్గర ఘరబారి (ఇంటి స్థలం) అని ఉందో లేదో మీ సొంత వకీలుతో చూపించుకోండి. రాయగడ, కొరాపుట్ వైపు గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి లేదు. ‘స్టాంపు కాగితం మీద రాసుకుందాం, నేను మేనేజ్ చేస్తా’ అనేవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ డబ్బూ పోతుంది, అవతల ఒక కుటుంబం భూమీ పోతుంది.

కొత్త వెంచర్‌లో ప్లాటో ఫ్లాటో అయితే ప్రాజెక్టుకీ, అది అమ్మిపెట్టే ఏజెంటుకీ ఇద్దరికీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి, ఒడిశా రెరా సైటులో చూసుకోవచ్చు. అక్కడ ఏజెంటుకి కమీషన్ సాధారణంగా బిల్డరే ఇస్తాడు, కాబట్టి మిమ్మల్ని కూడా అడిగితే ఎందుకని అడగండి.

కమీషన్ బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మినవాళ్లు ఆ మొత్తాన్ని అమ్మకం ఖర్చు కింద మూలధన లాభం (ఇల్లు అమ్మితే వచ్చే లాభం) పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు, రసీదు లేకపోతే ఆ తగ్గింపు అడగడం కష్టం.