సువా నుంచి ఆపియాకు గీసిన గీత భూగోళమంతా తిరిగి వస్తుంటే

సమస్య: లీఫ్‌లెట్ (వెబ్‌పేజీల్లో పటాలు చూపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మ్యాపులో ఫిజీ రాజధాని సువా నుంచి సమోవా రాజధాని ఆపియాకు గీత గీశారు. పసిఫిక్ సముద్రంలో చిన్న గీత రావాలి. దానికి బదులు ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల మీదుగా పటానికి అడ్డంగా పొడవాటి గీత పడింది.

కారణం: చాలామంది అంతర్జాతీయ దినరేఖను, అంటే తేదీ మారే గీతను, తప్పుపడతారు. అది పొరపాటు. సమోవా 2011లో డిసెంబరు 30ని వదిలేసి దినరేఖకు పడమటి పక్కకు మారింది. కాబట్టి ఇప్పుడు సువాకు, ఆపియాకు మధ్య దినరేఖే లేదు. అయినా గీత చెడుతోంది. మరోవైపు ఆపియా నుంచి అమెరికన్ సమోవాలోని పాగో పాగోకు గీసే గీత దినరేఖను దాటుతుంది, అయినా చక్కగా పడుతుంది. అసలు చిక్కు 180 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉంది. సువా రేఖాంశం 178.44, ఆపియాది -171.77 (మైనస్ గుర్తు పశ్చిమ రేఖాంశానికి). నిజమైన ఎడం 9.79 డిగ్రీలే. కానీ లీఫ్‌లెట్ ఆ అంకెలను చదునైన కాగితం మీది కొలతలుగానే చూస్తుంది, 350.21 డిగ్రీల మేర గీసేస్తుంది.

పరిష్కారం: ఆపియా రేఖాంశానికి 360 కలపండి. 188.23 వస్తుంది. 180 దాటిన విలువలను లీఫ్‌లెట్ అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది.

బిందువులు ఎక్కువైతే ప్రతిదాన్నీ దాని ముందుదానితో పోల్చాలి. దీని రేఖాంశంలోంచి ముందుదాని రేఖాంశం తీసేస్తే వచ్చే తేడా -180 కంటే తక్కువైతే దీనికి 360 కలపాలి, 180 మించితే 360 తీసేయాలి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు: పోల్చవలసింది ముందు బిందువు పాత విలువతో కాదు, సరిదిద్దిన విలువతో. మన గీతను ఆపియా నుంచి పాగో పాగో దాకా పొడిగించామనుకోండి. పాగో పాగో రేఖాంశం -170.70. దాన్ని ఆపియా పాత విలువ -171.77తో పోలిస్తే తేడా 1.07 మాత్రమే, ఏ మార్పూ అక్కరలేదనిపిస్తుంది. అప్పుడు గీత 188.23 నుంచి మళ్లీ వెనక్కి పటమంతా దాటుతుంది. సరిదిద్దిన విలువతో పోలిస్తే 189.30 వస్తుంది, గీత నిలుస్తుంది.

గీత కుదిరాక దాని చివర గుర్తు కనిపించకపోతే, గుర్తుకు ఇంకా పాత రేఖాంశమే ఉందన్నమాట. దానికీ 360 కలపండి.

డేటాను ఇతరులకు జియోజేసన్‌గా (పటాల డేటాను పంచుకునే ఫైల్ రూపం) ఇచ్చేటప్పుడు మాత్రం ఈ పద్ధతి వద్దు. జియోజేసన్‌కు 2016లో వచ్చిన ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 7946 గీతను 180 దగ్గర రెండు ముక్కలు చేయమంటుంది. మన గీత అక్కడికి చేరేసరికి అక్షాంశం సుమారు -17.45. మొదటి ముక్క 180 దగ్గర, ఆ అక్షాంశం మీదే ముగుస్తుంది. రెండోది అదే అక్షాంశంతో -180 నుంచి మొదలవుతుంది.